అనుమతి లేకుండా కోలుకున్న కాలు

మా పునరావాస ఆసుపత్రిలో పక్షవాతం వచ్చినవాళ్ళ కాలి బలాన్ని కొలిచే పద్ధతి మొన్నమొన్నటిదాకా చాలా మోటుగా ఉండేది. ఫిజియోథెరపిస్టు సునంద నేల మీద కూర్చుని, రోగి పాదం కింద తన అరచెయ్యి పెట్టి, "తొక్కమ్మా, నా చేతిని తొక్కు. నాకు నొప్పి పుట్టాల" అనేది. తరువాత పాదం మీద వేళ్ళు ఆనించి, "ఇప్పుడు పైకి లేపు" అనేది. చీలమండ ఎంత కదిలిందో చూసి అయిదుకి ఇన్ని మార్కులని చీటీ మీద రాసుకునేది. సున్నా వచ్చినవాళ్ళకి కూడా ఆ మధ్యాహ్నమే వ్యాయామం మొదలుపెట్టేసేది. ఆ మోటు పద్ధతిలో కిందటేడు రెండువందల పన్నెండు మంది నడిచి ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఒక్కరి విషయంలోనూ మా దగ్గర రుజువు లేదు.

ఈ ఘోరం పైకార్యాలయం దృష్టికి వెళ్ళింది. ఒక అరచేతిని ప్రభుత్వ కొలత సాధనంగా ఎవరు గుర్తించారని వాళ్ళు అడిగారు. మేం జవాబు చెప్పలేకపోయాం. చెప్పలేకపోయాం అని రాసిన ఉత్తరం నా చేతిరాతలోనే ఉంది. నా పేరు కోటిలింగం, ఆ ఆసుపత్రిలో సీనియర్ అసిస్టెంటుని. ఇక్కడ జరిగినవాటిలో చాలావరకు నా కలం కిందనే జరిగాయి గనుక, ఈ కథ చెప్పే అర్హత నాకుంది. చెప్పే మొహం ఉందా అంటే అది వేరే సంగతి.

పైకార్యాలయం మమ్మల్ని కరుణించి ఒక యంత్రాన్ని పంపింది. దానికి ఒక కుర్చీ, పాదాన్ని పెట్టి పట్టీతో బిగించే ఇనపపలక, పక్కన ఒక తెర. పలకని తొక్కితే చీలమండలో ఎన్ని కిలోల బలముందో తెర మీద పడుతుంది. ప్రారంభోత్సవం నాడు సూపరింటెండెంట్ డాక్టర్ పరాంకుశం గారు ముప్పావుగంట మాట్లాడారు. "కొలవని బలం బలం కాదు. ఆ మాటకొస్తే, కొలవని బలహీనత బలహీనత కూడా కాదు. ఈ రోజు నుంచి మన సంస్థలో ప్రతి చీలమండా జవాబుదారీతనం వహించవలసి ఉంటుంది" అన్నారు. చప్పట్లు కొట్టాం. ఆయన కుర్చీలో కూర్చుని స్వయంగా తొక్కారు. పంతొమ్మిది వచ్చింది. రోజూ పన్నెండు కిలోమీటర్లు సైకిలు తొక్కి డ్యూటీకి వచ్చే అటెండరు అంకమ్మరావుని పిలిచి తొక్కమన్నారు. నలభై ఒకటి వచ్చింది. ఆ తరువాత అంకమ్మరావు రెండు నెలలపాటు ఏ సెలవు అడిగినా దొరకలేదు.

చిక్కు మర్నాడు మొదలైంది. మొదటి రోగిని కూర్చోబెట్టి తొక్కమన్నారు. పాపం ఆయన తొక్కలేకనే కదా మా దగ్గరికి వచ్చింది. తెర మీద సున్నా పడింది. ఆ సున్నాని కంప్యూటరులో ఎక్కించబోతే, 'దయచేసి చెల్లుబాటు అయ్యే విలువను నమోదు చేయండి' అంది. ఎన్నిసార్లు కొట్టినా అదే మాట. మొదటి కొలత ఎక్కితే తప్ప చికిత్స అనే రెండో పేజీ తెరుచుకోదు. పైకార్యాలయానికి రాశాం. వారం తిరిగేసరికి జవాబు వచ్చింది.

'పైన ఉదహరించిన విషయమునకు సంబంధించి తెలియజేయడమేమనగా, సున్నా అనునది కొలత కాదు, కొలత యొక్క లేమి. కావున సదరు రోగులకు చెల్లుబాటు అగు కొలత వచ్చువరకు వేచియుండి, అటుపిమ్మట చికిత్స ప్రారంభించవలెను. ప్రతి కేంద్రము సగటున నలభై శాతము మెరుగుదల చూపవలెనని కూడా ఇందుమూలముగా గుర్తుచేయడమైనది.'

సునంద ఆ కాగితం పట్టుకుని సూపరింటెండెంట్ గారి గదిలోకి వెళ్ళింది. ఏదో ఫైలు మిషతో నేనూ వెళ్ళాను.

"సార్, కాలు కదలనోళ్ళకే కదండీ చికిత్స?" అంది.

"కాదని ఎవరన్నారమ్మా? కదలనిచ్చి చెయ్యండి."

"చికిత్స చెయ్యకుండా ఎట్టా కదులుద్దండీ?"

"అది చికిత్సకి సంబంధించిన ప్రశ్న. కొలత వచ్చాక అడగండి."

"ఎక్కువ బలం వచ్చేది మొదటి మూడు నెలల్లోనే సార్. ఆ మూడు నెలలు మంచం మీద గడిపితే తరవాత మనం ఎంత మొత్తుకున్నా పెద్దగా రాదు."

"నాకు తెలియదా? నేను డాక్టరుని" అన్నారాయన నొచ్చుకుంటూ. "డాక్టరుగా మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. సూపరింటెండెంట్‌గా ఏకీభవించే వీలు లేదు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడూ పూజారీ ఒక్కరే అయ్యేసరికి సునందకి ఎవరికి మొరపెట్టుకోవాలో తెలియలేదు.

సైదాబీ వచ్చింది ఆ వారమే, మార్చి మొదట్లో. నలభై ఆరేళ్ళ మనిషి. బస్టాండు పక్కన రేకుల షెడ్డులో కుట్టుమిషను పెట్టుకుని ఇరవై రెండేళ్ళుగా బట్టలు కుడుతోంది. జూన్ వచ్చిందంటే ఆ చుట్టుపక్కల బడిపిల్లల యూనిఫారాలన్నీ ఆమె కుట్టినవే. ఫిబ్రవరిలో ఒక ఉదయం మిషను ముందే పక్కకి ఒరిగిపోయింది. చెయ్యి త్వరగానే సర్దుకుంది, మాట కూడా వచ్చింది. కుడిపాదం మాత్రం తడిగుడ్డలా వేలాడుతోంది.

పేరు, ఊరు రాసుకోవడానికి పద్నాలుగో మంచం దగ్గరికి వెళితే నన్నే పెద్ద డాక్టరు అనుకుంది.

"సారూ, నేను నడవకపోయినా ఫరవాలేదు. మిషను తొక్కగలిగితే చాలు. తొక్కినన్నాళ్ళే నా ఇంట్లో నేనుంటా. లేకపోతే మా తమ్ముడింటికి పోవాల. మా మరదలు మంచిదే. మంచోళ్ళింట్లో ఊరికే కూచోటం మరీ కష్టం సారూ" అంది.

నేను డాక్టరుని కాదని చెప్పి, కొలత సంగతి వివరించాను. శ్రద్ధగా విన్నది.

"మేమూ కొలతలు తీస్తాం. తీసినాక లోపలి కుట్టులో అంగుళం గుడ్డ వదుల్తాం. కొలత ఆ రోజుది గదా, పిల్లలు పెరుగుతారు. మీ మిషన్లో ఆ అంగుళం వదల్లేదా?"

"వదిలితే ఆడిట్ ఒప్పుకోదమ్మా" అన్నాను. నాకు సిగ్గేసింది. కానీ అబద్ధం చెప్పలేదు.

ఆమెకి సున్నా వచ్చింది. మిగతా సున్నాలతో పాటు వార్డులో పడుకోబెట్టారు. ప్రతి సోమవారం వాళ్ళందరినీ చక్రాల కుర్చీల్లో యంత్రం దగ్గరికి తీసుకుపోవడం, సున్నాలు చూసుకోవడం, వెనక్కి తీసుకురావడం. దీనికి 'కొలత ప్రయత్న దినం' అని పేరు పెట్టి రిజిస్టరు తెరిచాం. పై వాళ్ళకి లెక్క చూపాలి గనుక మిగతా రోజుల్లో యంత్రాన్ని సిబ్బంది మీద వాడేవాళ్ళం. రెండు నెలల్లో ఆసుపత్రి మొత్తానికి చెల్లుబాటయ్యే చీలమండలు ముప్పై నాలుగు తేలాయి. అన్నీ జీతం తీసుకునేవాళ్ళవే. అంకమ్మరావుది ఒక్కటే ఎనిమిదిసార్లు ఎక్కింది.

మా ఆఫీసు గది పక్కన దుప్పట్ల గది ఉంది. అందులో పాతకాలపు కాలిమిషను ఒకటుంది. దుప్పట్లు, దిండు గలీబులు కుట్టే టైలరు రిటైరై తొమ్మిదేళ్ళయింది, ఆ పోస్టు ఖాళీగానే ఉంది. మార్చి మూడో వారంలో, అందరూ భోజనాలకి వెళ్ళిన వేళ, ఆ గదిలోంచి టకటకమని చప్పుడు వినిపించింది. తలుపు సందులోంచి చూశాను. సైదాబీ మిషను ముందు కూర్చుని ఉంది. రెండు పాదాలూ తొక్కుడుపలక మీద ఉన్నాయి. సునంద కింద కూర్చుని కుడిపాదం జారిపోకుండా ఒక గుడ్డపీలికతో పలకకి కట్టి పట్టుకుంది. తొక్కేది ఎడమకాలే. పలక ఊగినప్పుడల్లా కుడిపాదం కూడా దానితో పాటు కిందకీ పైకీ పోతోంది.

"ఎడమ కాలు పన్జేస్తంటే కుడికాలు షికారు పోతంది" అని సైదాబీ నవ్వుతోంది.

"పోనీ. దారి గుర్తొస్తే అదే నడుస్తది" అంది సునంద.

నేను ఫిర్యాదు చెయ్యలేదు. మంచివాణ్ణని కాదు. ఫిర్యాదు వస్తే దాని మీద నోట్ రాసి, మెమో తయారుచేసి, నకళ్ళు తీసి పంపాల్సింది నేనే. రోజూ ఒంటిగంట నుంచి రెండింటిదాకా ఆ చప్పుడు వింటూ పెరుగన్నం తినడం అలవాటైపోయింది. మొదట్లో అది కుంటుతూ వినిపించేది. ఏప్రిల్ నెల సగమయ్యేసరికి తాళం కుదిరింది. ఒకరోజు గుడ్డపీలిక కట్టడం మానేశారు.

ఆ తరువాతి సోమవారం సైదాబీ కొలత కుర్చీలో కూర్చుని తొక్కింది. తెర మీద ఆరు పడింది.

"ఆరొచ్చింది! సైదాబీకి ఆరొచ్చింది!" అని అంకమ్మరావు వార్డంతా వినపడేలా కేకపెట్టాడు. సున్నాలందరూ చప్పట్లు కొట్టారు. సునంద మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. ఆ గోలకి పరాంకుశం గారు వచ్చారు.

"ఏ చికిత్స వల్ల వచ్చింది?" అని అడిగారు.

అధికారికంగా ఏ చికిత్సా లేదు.

"దుప్పట్ల గదిలో మిషను తొక్కానండీ" అని సైదాబీయే చెప్పింది. ఆమెకి అది గొప్ప సంగతి.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అర్థమైందా మీరు చేసిన పని? చికిత్స తరువాత రావాల్సిన బలం చికిత్సకి ముందే వచ్చేసింది. ఇప్పుడు దీన్ని ఎవరి ప్రతిభ కింద చూపించాలి? ప్రభుత్వానికి చెందవలసిన మెరుగుదలని ఈమె ముందుగానే వాడేసుకుంది" అన్నారు.

ఆ సాయంత్రం నాచేత రాయించిన మెమో ఆ తరహాలో మా ఆసుపత్రి చరిత్రలో మొట్టమొదటిది. విషయం: అనుమతి లేని కోలుకోవడం. 'పద్నాలుగవ మంచము రోగి మొదటి కొలత నమోదు కాకమునుపే నిబంధనలకు విరుద్ధముగా కొంత బలమును సంపాదించియున్నది. సదరు ఆరు కిలోలను రద్దు చేయడమైనది. తనిఖీ సంఘము వచ్చునాటికి రోగి తన చీలమండను, చేరిన తేదీన ఉన్న యథాపూర్వ స్థితికి తీసుకురావలెను. ఆ స్థితిని భద్రపరచు బాధ్యత వార్డు సిబ్బందిదే.' సునందకి సంజాయిషీ నోటీసు. కాలిమిషనుకి లక్కసీలు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నవాణ్ణి చూశాం గానీ, నాలుగోది కనపడగానే దాన్ని విరగ్గొట్టమన్నవారిని చూడటం నాకదే మొదటిసారి. ఆ మాట ఆయనతో అనలేదు. మెమోలో అచ్చుతప్పులు దిద్ది సంతకానికి పెట్టాను.

మెమో నకలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు సైదాబీ దాన్ని నాచేతే చదివించుకుంది.

"అంటే నా కాలు మళ్ళీ చచ్చిపోవాలని రాశారా సారూ?"

"అట్లా రాయలేదమ్మా. యథాపూర్వ స్థితి అని రాశాం."

"ఎవురు రాశారు?"

"నేనే."

ఆమె మంచం చివరనున్న ఇనపకడ్డీకి కుడిపాదం ఆనించి, నేను చూస్తుండగానే నెట్టడం మొదలుపెట్టింది. మంచం కిర్రుమంది. నేను రాసుకున్నది మాత్రం 'నకలు ముట్టినది' అని.

మే నెలాఖరుకి తనిఖీ సంఘం వస్తుందని కబురందింది. దుమ్ము పడకుండా యంత్రానికి మఖమల్ తొడుగు ఉండాలనీ, అధ్యక్షులవారు దాన్ని తమ చేతులతో తొలగిస్తారనీ కార్యక్రమ పత్రంలో ఉంది. మఖమల్ గుడ్డ వచ్చింది. బయట కుట్టిద్దామంటే, ప్రభుత్వ యంత్రానికి బయటివాళ్ళు కొలత తియ్యడానికి లేదు. టైలరు పోస్టు తొమ్మిదేళ్ళుగా ఖాళీ. ఆవరణ మొత్తం మీద మఖమల్ కుట్టడం తెలిసిన మనిషి ఒక్కతే ఉంది.

ఇంకో మెమో రాశాం. 'సదరు మిషను సీలును ఒక దినము కొరకు తొలగించడమైనది. రోగి ఎడమ కాలితో మాత్రమే తొక్కవలెను. కుడిపాదమును ప్రత్యేకముగా ఒక స్టూలుపై ఉంచవలెను. కుడిపాదము పర్యవేక్షణకు సీనియర్ అసిస్టెంటు శ్రీ కోటిలింగంను నియమించడమైనది.'

ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఎన్నో బాధ్యతలు నిర్వహించాను గానీ, ఒక పాదానికి ఇన్‌ఛార్జిగా ఉండటం అదే మొదటిసారి. సైదాబీ యంత్రం చుట్టూ టేపు తిప్పి కొలతలు తీసి, సుద్దముక్కతో గీతలు గీసి, కత్తిరించి, కూర్చుంది. కుడిపాదం స్టూలు మీద. నేను దాని ఎదురుగా కుర్చీలో. ఎడమకాలు తొక్కసాగింది. మఖమల్ మందంగా ఉంటుంది, సూది దిగాలంటే జోరు కావాలి. మూలల దగ్గర మిషను మొరాయించింది. ఆమె ధ్యాసంతా కుట్టు మీద ఉంది. కుడిపాదం మెల్లగా స్టూలు అంచుకి వచ్చి, కాసేపు ఆగి, తనంతట తాను దిగి పలక మీద కుదురుకుంది. మిషను ఒక్కసారిగా ఊపందుకుంది. అంతటి జోరు ఆ గదిలో నేనెప్పుడూ వినలేదు.

ఆమె చటుక్కున ఆగి నావంక చూసింది.

"కానియ్యమ్మా. నేను చూట్టంలేదు" అన్నాను.

'పనివేళలు ముగియువరకు కుడిపాదము స్టూలుపై నిశ్చలముగా ఉన్నది' అని నివేదిక ఇచ్చాను. నా సర్వీసులో నేను రాసిన దొంగ నివేదికల్లో సిగ్గుపడనిది అదొక్కటే.

సంఘం వచ్చింది. అధ్యక్షులవారు తొడుగు తొలగించి, కుట్టుని వేలితో తడిమి, "పనితనం బాగుంది. ఏ కంపెనీ?" అని అడిగారు. సైదాబీని కుర్చీలో కూర్చోబెట్టారు. నెలరోజుల యథాపూర్వ స్థితి తరువాత సున్నా వస్తుందనే పరాంకుశం గారి నమ్మకం. ఆమె తొక్కింది. పద్నాలుగు.

పరాంకుశం గారి నుదుటిన చెమట పట్టింది. అధ్యక్షులవారు మాత్రం ఉత్సాహపడ్డారు. "భేష్! మెరుగుదల ఎంత శాతం?" అన్నారు. కంప్యూటరులో పద్నాలుగు కొట్టారు. మొదటి కొలత లేదంది. సున్నా కొట్టబోతే చెల్లదంది. సంఘంలోని గణాంకాల సభ్యుడు కాగితం మీద వేసి చూసి, "సున్నా నుంచి పద్నాలుగుకి శాతం రాదండీ. భాగించడానికి కుదరదు" అని తేల్చాడు.

"లెక్కకి రాని మెరుగుదలని మెరుగుదల అనలేం" అన్నారు అధ్యక్షులవారు విచారంగా. తరువాత ఆయన మొహం వెలిగింది. "మొదటి కొలత పది అనుకోండి. పది నుంచి పద్నాలుగు అంటే సరిగ్గా నలభై శాతం! మన లక్ష్యం అణా పైసలతో నెరవేరుతుంది. కాకపోతే పది అని ఊరికే రాయకూడదు, అది అక్రమం. యంత్రం మీద నిజంగా రావాలి. ఏమ్మా, నువ్వు కొంచెం సహకరించాలి."

"ఏం చెయ్యాల సారూ?"

"ఒక నెల విశ్రాంతి తీసుకుని పదికి తగ్గాలి. అప్పుడు మొదటి కొలత ఎక్కిస్తాం. చికిత్స ఇప్పించి మళ్ళీ పద్నాలుగుకి తెస్తాం. అంతా నిబంధనల ప్రకారం."

"అంటే నేను మళ్ళీ పడిపోవాలా?"

"ఛ ఛ, పూర్తిగా అక్కర్లేదమ్మా" అన్నారు అధ్యక్షులవారు ఎంతో దయగా. "కొంచెం."

ఆమె వంగి పాదానికున్న పట్టీ విప్పుకుంది. కుర్చీ దిగింది. చెప్పుల్లో ముందు ఎడమకాలు పెట్టింది. తరువాత కుడిపాదం వేళ్ళు పైకెత్తి, చెప్పు పట్టీ కిందకి మెల్లగా దూర్చింది. గదిలో అందరం ఆ పాదాన్నే చూస్తున్నాం. "బళ్ళు తెరిచే రోజులు, సారూ" అని నా ఒక్కడితోనే చెప్పినట్టు చెప్పి, గోడ పట్టుకోకుండా వరండాలోకి నడిచింది. కాలు కొంచెం ఈడుస్తోంది. అయినా మెట్లు దిగింది. గేటు దగ్గర సునంద నిలబడి ఉంది. సైదాబీ ఆగి ఆమె అరచేతిని తీసుకుని కళ్ళకద్దుకుంది. సైదాబీని ఆపి పట్టుకోమని ఎవరూ అనలేదు. అనాలంటే ముందు ఆమె నడుస్తోందని ఒప్పుకోవాలి.

చెప్పకుండా వెళ్ళిపోయిన రోగి గురించి పోలీసు స్టేషనుకి తెలియజేయడం మా ఆనవాయితీ. రాశాను. 'సదరు రోగి ఎవరి సాయమూ లేకుండా, తన కాళ్ళతో తాను నడిచి, తొమ్మిది మెట్లు దిగి పరారైనది.' మూడు నెలలుగా నేను రాసిన కాగితాల్లో నిజం ఉన్నది ఇదేనని సంతోషంగా పట్టుకెళ్ళాను. పరాంకుశం గారు చదివి ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశారు.

"ఏమిటయ్యా ఇది? మొదటి కొలత లేని చీలమండతో ఎవరైనా ఎలా నడుస్తారు? ఆమె నడిచిందని మనమే రాసిస్తే, అనుమతి లేని కోలుకోవడాన్ని మనమే ధ్రువీకరించినట్టు కాదూ?"

"మరి ఆమె ఇక్కడ లేదు కదండీ."

"నడవలేని మనిషి వెళ్ళడానికి వీల్లేదు. వెళ్ళనప్పుడు ఉన్నట్టే. ఉంచండి."

అందుకని ఉంచాం. రికార్డుల ప్రకారం సైదాబీ ఈనాటికీ పద్నాలుగో మంచం మీదే ఉంది. ఆ మంచం కోసం బయట వరండాలో ముగ్గురు ఎదురుచూస్తున్నారు. సునంద సంజాయిషీ ఇంకా విచారణలో ఉంది. మిషనుకి సీలు మళ్ళీ వేశాం. వార్డులో మాత్రం ఈమధ్య ఏ మంచం చూసినా కిర్రుమంటోంది. ఎందుకని నేను అడగలేదు.

జూన్‌లో ఒక ఆదివారం చొక్కాగుడ్డ తీసుకుని బస్టాండు పక్క షెడ్డుకి వెళ్ళాను. లోపల నీలంరంగు యూనిఫారాలు కప్పుదాకా ఉన్నాయి. సైదాబీ టేపు మెళ్ళో వేసుకుని లేచి వచ్చి భుజాలు, ఛాతీ, చేతులు కొలిచింది. నేను ఆమె పాదం వంకే చూస్తున్నాను.

"ఏంది సారూ, అట్టా చూస్తన్నారు?"

"నువ్వింకా మా దగ్గరే ఉన్నావు తెలుసా? పద్నాలుగో మంచం మీద."

"బాగున్నానా అక్కడ?" అని అడిగి, నవ్వి, కొలతలు పుస్తకంలో రాసుకుంది. "పొట్ట దగ్గర అంగుళం వదుల్తున్నా. కూచునే ఉద్యోగం గదా" అంది. మిషను ముందు కూర్చుని మొదలుపెట్టింది.

ఇప్పటికీ ప్రతి సోమవారం కొలత ప్రయత్న దినం నాడు రిజిస్టరు తీసి, పద్నాలుగో మంచానికి ఎదురుగా 'చీలమండలో చలనము లేదు' అని రాసి సంతకం పెడతాను. సోమవారాలు నేను వేసుకునేది ఆమె కుట్టిన చొక్కానే.